పెరటి అడ్డసరం – తుమ్మెదల ఆతిథ్యం

ఆ ఏడాది మా పెరటి మునగచెట్టు విరగబూసింది. మాఘమాసపు ఎండలో కొమ్మ కొమ్మకూ తెల్లని పూలగుత్తులు వ్రేలాడాయి. చెట్టు కింద నేలంతా రాలిన పూలతో తెల్లబడింది. అయితే పూసినన్ని పూలకు కాయలు మాత్రం వేళ్లపై లెక్కపెట్టేటన్నే నిలిచాయి. నేలలో సారం తగ్గిందనుకున్నాము. పశువుల ఎరువు వేయించాము. నీరు ఎక్కువైందేమోనని కొన్నాళ్లు మానివేశాము. వీధిలో ఎవరు కనిపించినా మా మునగచెట్టు సంగతే చెప్పుకున్నాము.

పక్క ఇంటి రైతు పెద్దాయన ఒకనాటి ఉదయం గోడమీదుగా తొంగి చూసి, చెట్టును కాక పెరడంతటినీ పరికించి, "సాయిబు గారూ, మీ వెదురు పందిరి ఏమైంది?" అని అడిగారు. తీసివేశామన్నాము. "మరి అందులో ఉండే తుమ్మెదలో?" అన్నారు.

మా దగ్గర సమాధానం లేదు. ఉన్నది చెప్పడానికి నోరు రాలేదు. అంతకుముందు వేసవిలో ఆ పాత పందిరిని ఊడదీసి ఇనుపగొట్టాలతో కొత్తది వేయించాము. ఎండిన వెదుళ్లలో గుండ్రని రంధ్రాలు చేసుకొని నల్లని పెద్ద తుమ్మెదలు కాపురముండేవి. అవి 'జుమ్మ'ని తిరుగుతుంటే మనవలు బెదిరి లోపలికి పరుగెత్తేవారు. వెదుళ్లను ఒకచోట పోగువేసి, కిరసనాయిలు చల్లి, మా చేతులతోనే నిప్పంటించాము. ఆ పొగలో ఎన్ని ప్రాణాలు పోయాయో లెక్కించాలన్న ఆలోచన కూడా ఆనాడు మాకు కలగలేదు.

తప్పు అంతటితో ఆగలేదని తరువాత తెలిసింది. కార్తీకంలో మా పెద్దబ్బాయి వలీమాకు చుట్టాలు వస్తున్నారని ఇల్లంతా సర్దే హడావుడిలో, ప్రహరీ వెంట గుబురుగా పెరిగిన అడ్డసరం కంచెను కత్తెరతో గోడలాగా సమంగా కత్తిరించి వేశాము. చూసినవారందరూ మెచ్చుకున్నారు. ఆ చలికాలం ఆ కంచెలో ఒక్క పువ్వూ పూయలేదు. ఇల్లు కోల్పోయి మిగిలిన ఒకటీ అరా తుమ్మెదలకు ఆ విధంగా అన్నం కూడా లేకుండా చేశాము.

ఈ వ్యాసం ఆ అడ్డసరం గురించే.

మా దాదీ దీనిని 'అరూసా' అనేది. యునానీ హకీముల వాడుక కూడా అదే. కొందరు 'అడూసా' అంటారు. సంస్కృతంలో వాస, వాసకం. వృక్షశాస్త్రజ్ఞులు 'జస్టీసియా అడహతోడా' అని వ్యవహరిస్తారు. ఈ పేరును 1753లో లినేయస్ తన గ్రంథంలో నమోదు చేశాడు. స్వీడన్ దేశస్థుడైన ఆ పండితుని గ్రంథంలోకి ఎక్కిన ఆ రెండవ మాట మన పొరుగువారైన తమిళులది. 'ఆడు' అంటే మేక. మేక ముట్టనిదని ఆ పేరుకు అర్థం చెబుతారు. ఇందులో ఎంత సత్యముందో మేము బక్రీద్ రోజుల్లో కళ్లారా చూశాము. పండుగకు పది రోజుల ముందు కొనితెచ్చిన మేకపోతు ఒకసారి త్రాడు తెంపుకొని, గులాబీలను మొదలంటా నమిలి, మందారాన్ని మోడు చేసి, కరివేపాకును కూడా వదలలేదు. అడ్డసరం దగ్గరకు వచ్చి ఒక ఆకు వాసన చూసి, ముఖం తిప్పుకొని వెళ్లిపోయింది. ఆ ఆకులోని చేదు అటువంటిది. పశువుల భయమున్న పల్లెల్లో చేల గట్లపైనా, దొడ్ల చుట్టూ దీనిని నాటడానికి కారణమూ ఇదే.

కనకాంబరం, డిసెంబరం పూలు, నేలవేము — ఇవన్నీ అడ్డసరానికి రక్తసంబంధీకులే. ఒకే వృక్షకుటుంబానికి చెందినవి. అడ్డసరం నిలువెత్తు పొద. వదిలివేస్తే మనిషిని మించి పెరుగుతుంది. కణుపునకు రెండేసి చొప్పున ఎదురెదురుగా జానెడు ఆకులు వస్తాయి. ఒకసారి నాటుకొంటే ఏళ్ల తరబడి ఉంటుంది. ఏటేటా విత్తనం వేసుకొనే పని లేదు. మా కంచె దాదీ చేతి మొక్క. ఆమె పోయి ముప్పై ఏళ్లు దాటింది.

దాని పువ్వును దగ్గరగా చూసినవారు తక్కువ. ఔషధమంటే అందరి దృష్టీ ఆకు మీదనే. చలి మొదలయ్యాక కొమ్మల చివర్లలో, ఆకుపచ్చని చిన్న రేకుల వంటివి ఒకదానిపై ఒకటి పేర్చినట్లుండే వెన్నులు లేస్తాయి. వాటి సందుల్లోనుండి తెల్లని పూలు తొంగి చూస్తాయి. పువ్వు రెండు పెదవులుగా విచ్చుకొంటుంది. కింది పెదవి వెడల్పుగా చాచిన అరుగు. దానిపై ఊదా ఎరుపు చారలు. పైపెదవి గొడుగులా వంగి ఉంటుంది. దాని నీడలో రెండే రెండు కేసరాలూ, వాటి ప్రక్కన సన్నని కీలమూ ఒదిగి ఉంటాయి. తేనె మాత్రం లోపల, గొట్టం అడుగున ఉంటుంది. సంస్కృతంలో దీనిని సింహాస్యమన్నారు, సింహం నోరని. మాకైతే తలుపు తెరిచి, అరుగు తుడిచి, అతిథి కోసం కాచుకొన్న ఇల్లులా కనిపిస్తుంది.

ఆ అతిథి తుమ్మెద. బరువైన ఒడలు గలది. అరుగు మీద వాలగానే పువ్వు ఒక్కసారి వంగుతుంది. చారలు చూపిన దారి వెంబడి తల లోపలికి దూర్చి తేనె అందుకొనే ప్రయత్నంలో దాని వీపు పైపెదవికి రాసుకొంటుంది. అక్కడ వేచి ఉన్న కేసరాలు పుప్పొడిని వీపున అద్దుతాయి. వీపు మధ్యనున్న ఆ పొడిని తుమ్మెద తన కాళ్లతో సులువుగా దులుపుకోలేదు. తరువాతి పువ్వులోకి దూరినప్పుడు అదే వీపు అక్కడి కీలాగ్రాన్ని తాకుతుంది. ఇంత బలమైన అతిథి కోసమే చేసిన ఏర్పాటు ఇది. చిన్న తేనెటీగలు కూడా వస్తాయి, తమకు అందినంత తీసుకొని పోతాయి. కాని ఆ పైపెదవిని అంత గట్టిగా ఒత్తగల శక్తి వాటికి లేదు.

ఇక్కడ మమ్మల్ని ఆశ్చర్యపరచిన సంగతి మరొకటి ఉంది. ఇదే మొక్క ఆకును రైతులు పురుగు పట్టకుండా ధాన్యంలోనూ, పండ్లలోనూ వేసేవారు. పచ్చిరొట్టగా వరిమడిలో తొక్కేవారు. ఆకు కొరకవచ్చినదానికి చేదు, పువ్వు మోయవచ్చినదానికి తీపి. ఒకే కాండం రెండు రకాల అతిథులకు రెండు రకాల విస్తళ్లు వేస్తుంది.

తుమ్మెదను తెలుగువారు పద్యాల్లో ఎంత గారాబం చేశారో పెరట్లో అంత హింసించారు. కొప్పులను, కనుపాపలను తుమ్మెదలతో పోల్చిన జాతి మనది. ఆ తుమ్మెదే మన దూలానికి బెజ్జం చేస్తే చీపురు తీసుకొని వెంటపడతాము. నిజానికి దానివల్ల కలిగే భయంలో అధికభాగం అపోహయే. ముఖం ఎదుట గాలిలో నిలబడి, తరిమినట్లుగా ఎగిరేది సాధారణంగా మగది. అది తన హద్దును కాచుకొంటున్నది, దానికి అసలు కొండియే లేదు. ఆడదానికి కొండి ఉంది. అయినా చేతితో పట్టుకొని నలిపితే తప్ప కుట్టదు. తేనెపట్టు ఈగల వలె గుంపుగా వచ్చి మీదపడే స్వభావం వీటికి లేదు, ఎందుకంటే కాపాడుకోవలసిన పట్టు లేదు. ఒక్కొక్క తల్లి తన గూడును తానే కట్టుకొంటుంది.

ఆ గూటి సంగతి తెలిసిన తరువాతనే మేము తగులబెట్టినది ఏమిటో మాకు అర్థమైంది. తుమ్మెద కర్రను తినదు. ఎండిన కర్రనో వెదురునో దవడలతో తొలిచి, ఆ పొట్టును బయటికి నెట్టివేస్తుంది. లోపల పుప్పొడిని తేనెతో కలిపి చిన్న ముద్ద చేసి, దానిపై ఒక గ్రుడ్డు పెట్టి, కర్రపొట్టుతో అడ్డుగోడ కడుతుంది. ఆ గోడకు ఇవతల మరొక ముద్ద, మరొక గ్రుడ్డు. ఒక గూటిలో ఇటువంటి గదులు కొన్ని మాత్రమే ఉంటాయి. వేల సంఖ్యలో సంతానమున్న తేనెటీగలకు ఒక పట్టు పోయినా జాతికి పెద్ద లోటు రాకపోవచ్చు. తుమ్మెద సంతానం అతి స్వల్పం. ఒక వెదురు బొంగు కాలితే ఒక తల్లి ఏడాది కష్టం బూడిదైనట్లే.

దివ్య ఖుర్ఆన్‌లోని పదహారవ సూరాకు తేనెటీగ పేరే ఉన్నదని మనందరికీ తెలుసు. కొండల్లోనూ, చెట్లలోనూ, మనుషులు కట్టుకొన్న వాటిలోనూ గూళ్లు కట్టుకొమ్మని ప్రభువు తేనెటీగకు ప్రేరణ కలిగించిన ప్రస్తావన అందులో ఉంది. ఆ ఆయతులు తేనె నిచ్చే ఈగను గూర్చినవి. తుమ్మెద మనకు తేనె ఇవ్వదు. అయినా, మనిషి కట్టుకొన్న దానిలో ఒక చిన్న ప్రాణికి చోటు దైవాజ్ఞ చేతనే ఏర్పడిందని ఎన్నోసార్లు పారాయణం చేసిన మాకు, మన పందిరి వెదురులో దూరిన ప్రాణిని చూసినప్పుడు ఆ సంగతి జ్ఞాపకం రాలేదు. ఇది పండితుల వ్యాఖ్యానం కాదు, మా లోపల కలిగిన సిగ్గు మాత్రమే.

మునగ విషయంలో రైతు పెద్దాయన మాట ఊహాపోహ కాదు. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు మునగపూల పరాగసంపర్కంపై 1990లో ఒక పత్రం ప్రచురించారు. ఆ పూలకు ప్రధానంగా ఉపకరించేవి ఈ పెద్ద తుమ్మెదలేననీ, ఒక చెట్టు పుప్పొడి మరొక చెట్టు పువ్వుకు చేరినప్పుడు కాయ మెరుగ్గా నిలుస్తుందనీ వారు గమనించారు. వంగ, టమాటాలకు కూడా తుమ్మెద పనికివస్తుంది. ఆ పూలలో పుప్పొడి, చివర చిల్లున్న ఉప్పుడబ్బా వంటి సంచుల్లో ఉంటుంది. తుమ్మెద పువ్వును గట్టిగా పట్టుకొని ఒడలు కంపింపజేస్తే ఆ పొడి జలజల రాలుతుంది. మన తేనెటీగలకు ఆ విద్య రాదు. తుమ్మెద అంతా పుణ్యాత్మురాలేనని కూడా మేము చెప్పము. కొన్ని పొడుగు గొట్టపు పూల మొదట చిల్లు చేసి, పుప్పొడి ముట్టకుండానే తేనె త్రాగి పోయే దొంగతనమూ దానికి తెలుసు.

ఇక నాటడం. విత్తనం కోసం వెదకవద్దు. కాయలు మా పెరట్లో అరుదుగానే కనిపిస్తాయి. తొలకరి వానలు పడ్డాక, పెన్సిలు కంటే కాస్త లావుగా, మరీ లేతగానూ మరీ ముదురుగానూ లేని కొమ్మను జానెడు పొడవున, మూడు నాలుగు కణుపులుండేట్లు కోయాలి. కింది ఆకులు తీసివేసి, రెండు కణుపులు మట్టిలో మునిగేట్లు గుచ్చాలి. నాలుగు వారాలకు వేరు పట్టి కొత్త చివురు వేస్తుంది. కంచెగా కావాలంటే మొక్కకు మొక్కకు రెండు మూడు అడుగుల ఎడం ఉండాలి. ఇసుక నేల, ఎర్రనేల, నల్లనేల ఏదైనా సర్దుకొంటుంది. నీరు నిలిచిపోయే చోటు మాత్రం వద్దు, వేరు కుళ్లుతుంది. మొదటి ఏడాది వేసవిలో వారానికి ఒకటి రెండుసార్లు తడి ఇస్తే చాలు. నీడలోనూ బ్రతుకుతుంది కాని పూలు తగ్గుతాయి. సగం రోజైనా ఎండ తగలాలి. మేడ మీద పెంచుకొనేవారు పెద్ద సిమెంటు తొట్టిలో ఒక్క మొక్క పెట్టుకోవచ్చు.

కత్తిరింపు దగ్గరే మేము చేసిన పొరపాటును మీరు చేయకూడదు. అడ్డసరానికి పూవెన్ను కొమ్మ కొనలోనే వస్తుంది. వానాకాలంలో పెరిగిన కొనలే చలికాలంలో పూస్తాయి. వాటిని శరత్కాలంలో కత్తిరిస్తే ఆ ఏటి పూలన్నీ కత్తెరపాలు. పూత ముగిసిన తరువాత, ఏప్రిల్‌లోనో మే మొదట్లోనో, మోకాలి ఎత్తుకైనా నరకవచ్చు. వానలకు మరింత గుబురుగా లేస్తుంది. జులై దాటిన తరువాత మేమిప్పుడు కత్తెర ముట్టము. శుభకార్యం వచ్చినా సరే, చుట్టాలు వంకరటింకర కంచెనే చూసి పోతారు.

పూత కాలంలో దాని చుట్టుపక్కల పురుగుమందు పిచికారీ చేయకూడదని వేరే చెప్పనక్కరలేదు. అయితే ఇది మన చేతిలో పూర్తిగా లేదు. పక్క చేలో మిరపకు కొట్టిన మందు గాలికి వస్తుంది. ఈ సంగతి మా రైతు పెద్దాయనతో మాట్లాడితే, కొట్టక తప్పనప్పుడు తుమ్మెదలు తిరగని సాయంత్రం పూట కొడతానన్నారు. అంతకు మించి ఆయనను అడిగే అర్హత, వెదుళ్లు తగులబెట్టిన మాకు లేదు.

ఆకు మాట చెప్పక ఈ వ్యాసం పూర్తి కాదు. చెప్పవలసిన చోట భయమూ ఉంది. చలికాలపు దగ్గుకు దాదీ నాలుగు ఆకులు కడిగి, ఆవిరిమీద వాడ్చి, పిండిన రసాన్ని చెంచాడు తేనెతో ఇచ్చేది. కఫం పలుచనై బయటికి వచ్చేది. ఈ గుణానికి మూలం ఆకులోని 'వాసిసిన్' అనే క్షారం. దాని నిర్మాణాన్ని ఆధారం చేసుకొనే రసాయన శాస్త్రజ్ఞులు బ్రోమ్‌హెక్సిన్ అనే మందును తయారుచేశారు. 1960ల నుండి అది వాడుకలో ఉంది. దాని నుండి వచ్చినదే ఆంబ్రోక్సాల్. మందుల దుకాణంలో కఫం దగ్గుకు ఇచ్చే సీసాల మీద ఈ రెండు పేర్లు తరచు కనిపిస్తాయి. దాదీ గిన్నెకూ ఆ సీసాకూ చుట్టరికం ఉన్నదన్నమాట.

కాని సీసా మీద మోతాదు వ్రాసి ఉంటుంది, ఆకు మీద ఉండదు. ఆకులో ఆ క్షారం ఎంత ఉన్నదో కంటితో చెప్పలేము. ఎక్కువైతే వాంతులు, విరేచనాలు కలుగుతాయి. అన్నిటికంటే ముఖ్యం: వాసిసిన్‌కు గర్భాశయాన్ని సంకోచింపజేసే గుణం ఉంది. గర్భిణులకు దీనిని ఇవ్వరాదు.

ఇది పుస్తకంలో చదివి వ్రాస్తున్న మాట కాదు. మా అమ్మాయి పురుటికి పుట్టింటికి వచ్చినప్పుడు ఏడవ నెల. రాత్రంతా దగ్గుతుంటే చూడలేక, మేమే లాంతరు పట్టుకొని వెళ్లి అడ్డసరం ఆకులు కోసుకొని వచ్చాము. పొయ్యి మీద కషాయం మరుగుతున్నది. మా అమ్మీకి అప్పటికి ఎనభై దాటాయి, మనుషులను పోల్చుకోవడమే కష్టంగా ఉన్న ఆమె, ఆ వాసనకు మంచంలోనుండి లేచి కూర్చుని, "అరూసా ఎవరికి?" అని అడిగింది. చెప్పాము. "కడుపుతో ఉన్న బిడ్డకా? పారబోయండి. మీ దాదీ ఎన్నడూ ఇవ్వనిచ్చేది కాదు" అన్నది. పారబోశాము. తెల్లవారి డాక్టరమ్మ దగ్గరకు తీసుకువెళ్లి సంగతి చెబితే, ఆమె కాసేపు మాట్లాడకుండా మా ముఖం చూసి, "పెద్దావిడను నిద్రపోనివ్వకండి" అని మాత్రం నవ్వారు. అమ్మాయికి ఆవిరి పట్టమనీ, గోరువెచ్చని నీరు త్రాగించమనీ చెప్పి పంపారు. దాదీ మందును జ్ఞాపకం పెట్టుకొని, ఆమె నిషేధాన్ని మరచిన మా తెలివి ఆ రాత్రి ఎంతవరకు తీసుకుపోయి ఉండేదో ఇప్పటికీ తలచుకోవడానికి ఇష్టపడము.

మరి రెండు జాగ్రత్తలు. ఏడాది నిండని పసిపిల్లలకు తేనె నాకించరాదు. అందుచేత తేనెతో కలిపిన ఈ రసం వారికి అసలే వద్దు. రెండు వారాలకు మించి దగ్గు తగ్గకపోతే ఆకులూ షర్బతులూ ప్రక్కన పెట్టి, ప్రభుత్వ ఆసుపత్రిలో తెమడ పరీక్ష చేయించుకోవాలి. క్షయకు పరీక్షా, మందులూ అక్కడ ఉచితం. మందుగా తీసుకోదలచినవారు అర్హత గల హకీమునో వైద్యునో అడిగి తీసుకోవడమే క్షేమం. మా మట్టుకు మేము ఇప్పుడు ఆకును అరుదుగా కోస్తున్నాము. పువ్వుల కోసమే దానిని పెంచుతున్నామంటే పాతకాలపు వారు నవ్వవచ్చు.

వెదుళ్లు తగులబెట్టిన మరుసటి వేసవిలో మేము బజారునుండి ఎండిన వెదురు తెప్పించాము. బొటనవేలు దూరేంత బోలు ఉన్న ముక్కలను మూరెడు పొడవున, ఒక ప్రక్క కణుపు మూసుకొని ఉండేట్లు కోయించి, ఆరేడు కలిపి కట్టకట్టి, వాన తగలకుండా వసారా చూరు కింద అడ్డంగా వ్రేలాడదీశాము. పాత మునగకొమ్మ ఒకటి ఎండిపోతే నరకకుండా వదిలాము. ఆ ఏడు ఎవరూ రాలేదు. చలికాలంలో అడ్డసరం నిండుగా పూసింది. డిసెంబరు ఉదయాల్లో కంచె దగ్గర కుర్చీ వేసుకొని కూర్చున్నాము. తేనెటీగలు వచ్చాయి, సీతాకోకచిలుకలు వచ్చాయి. సంక్రాంతి ముంగిళ్ల నాటికి ఒక నల్లని తుమ్మెద వచ్చి, మూడు పూలు వంచి చూసి, వెళ్లిపోయింది. మర్నాడు రెండు.

ఆ ఫాల్గుణంలో మునగకు కాయలు కొంత మెరుగయ్యాయి. అది తుమ్మెదల చలవో, ఆ ఏటి వాతావరణమో, వేసిన ఎరువో మేము తేల్చి చెప్పలేము. రైతు పెద్దాయన మాత్రం తన వాటా కాయలు తీసుకొంటూ తుమ్మెదల పద్దు కిందే వ్రాసుకొన్నారు.

మొన్న వైశాఖంలో వసారా ఊడుస్తున్న మా చిన్న మనవరాలు, చూరు కింద నేలపై పసుపురంగు కర్రపొట్టు చిన్న కుప్పగా పడి ఉన్నదని పిలిచి చూపించింది. చీపురుతో ఎత్తబోయి, పైకి చూసి ఆగిపోయింది. కట్టలోని మధ్య వెదురు లోపలినుండి గీకుతున్న సన్నని చప్పుడు వస్తున్నది.